ముడి వేసిన కవర్ ఎత్తం

నా రాతలో తప్పులుంటాయి. ఒత్తులూ దీర్ఘాలూ నాకు ఇప్పటికీ పూర్తిగా లొంగలేదు. ముసలితనంలో నేర్చుకున్న అక్షరాలు, ఒక్కొక్కదాన్ని చెయ్యి పట్టుకుని లాక్కురావాలి. మీరు ఒక్క పూటలో చదివేసేది రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది. కార్మికులు ఎలాగూ మన్నిస్తారు. విద్యార్థులు తప్పులు దిద్దుకుని చదవండి. పెద్దమనుషులు మన్నించకపోయినా నాకు పట్టింపు లేదు, వాళ్ళ మెప్పు కోసం రాయలేదు.

మా పని ఇళ్ళ నుంచి చెత్త తీసుకుపోవడం. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డులు ఆకాశాన్ని మూసేసిన రోడ్డు వెనక కొన్ని సందులున్నాయి. ఒక్కో సందు ఒక్కొక్కరిది. నా పెనిమిటి మొగిలయ్య పోయాక ఆయన తొక్కిన రిక్షా బండీ ఆయన సందూ నాకు వచ్చాయి. పక్క సందు జకియాది. సన్నటి మనిషి, మెత్తటి నోరు. ఇంట్లో మంచం పట్టిన అత్త, బడికి పోయే ఇద్దరు ఆడపిల్లలు. అందరి తిండీ ఆ ఒక్క సందు మీదే.

ఆ సందులో పెద్ద అపార్ట్‌మెంట్ ఒకటుంది. జకియా అన్ని అంతస్తులూ ఎక్కి తలుపుల ముందు పెట్టిన కవర్లు కిందికి దించాలి. లిఫ్ట్ ఎక్కకూడదు. వాళ్ళు తినబోయే పార్శిల్ లిఫ్ట్‌లో పైకి పోతుంది, తిన్నాక మిగిలిన డబ్బా మెట్ల మీదుగా ఆమె నెత్తిన దిగుతుంది. ఆమె విజిల్ వేయగానే బాల్కనీలోంచి లోపలికి కేక వినపడుతుంది, "చెత్త వచ్చింది" అని. చెత్త వాళ్ళింట్లోనే ఉంది. వచ్చింది జకియా.

ఒక ఆదివారం ఆ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో సభ పెట్టారు. "ప్లాస్టిక్ లేని కాలనీ" అని సభ పేరు. ఆ పేరు రాసిన బ్యానర్ ప్లాస్టిక్. స్టేజీ మీద వాళ్ళకు ఇచ్చిన పూలగుత్తులు మెరిసే ప్లాస్టిక్‌లో చుట్టి ఉన్నాయి. కుర్చీకొక నీళ్ళ బాటిల్. ఇంటికొక గుడ్డ సంచి పంచారు, ఒక్కో సంచీ నలగకుండా ఒక్కో ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి మరీ. అసోసియేషన్ ప్రెసిడెంట్ అచ్యుతరావు గారు మైకు పట్టుకుని భూమాత గురించి మాట్లాడారు. పెద్ద ఆఫీసులో రిటైరైన మనిషి, గొంతు బాగుంటుంది. తాబేళ్ళ కడుపులోకి కవర్లు పోతున్నాయని చెబుతుంటే ఆయన కళ్ళు తడిశాయి. తాబేలంటే ఆయనకు అంత ప్రేమ.

తర్వాత జకియాకు సన్మానం అన్నారు. మమ్మల్ని చప్పట్లు కొట్టడానికి పిలిచారు, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాం. ఆమె ఆలస్యంగా వచ్చింది. కుడి చేతికి ఓణీ కొంగు చుట్టుకుంది, కొంగు ఎర్రగా తడిసి ఉంది. ఏమైందని అడిగాను.

"ఏ ఇంటిదో తెల్వదు పెద్దమ్మా. నల్ల కవర్, ముడి గట్టిగ గుంజి కట్టిండ్రు. ఎత్తంగనె సూది దిగింది. షుగర్ సూదో ఇంకేం సూదో. సూదితోపాటు పగిలిన గాజు సుత ఉన్నది."

అప్పటికే పేరు పిలిచారు. స్టేజీ ఎక్కింది. అచ్యుతరావు శాలువా విప్పి భుజాల మీద కప్పాడు. ఫోటో తీసేవాడు ఆగమన్నాడు. అచ్యుతరావు వంగి ఆమె చెయ్యి చూశాడు. మైకు ఆపడం మరిచిపోయాడు కాబట్టి ఆ మాట సెల్లార్ అంతా వినపడింది.

"చెయ్యి శాలువా లోపల పెట్టుకోమ్మా. ఫోటోలో బాగోదు."

ఆమె చెయ్యి లోపల పెట్టుకుంది. మేం చప్పట్లు కొట్టాం. పిలిచిన పని అదే కదా.

మర్నాటికి ఆ చెయ్యి అరటికాయలా వాచింది. సర్కారు దవాఖానాలో డాక్టరమ్మ ఇంజెక్షన్ ఇచ్చి, రక్తం తీసుకుని, కొన్ని నెలలకు మళ్ళీ తీసి చూడాలని చెప్పింది. అందాకా ఏమీ చెప్పలేమంది. ఆ సూది ఎవరిదో తెలిస్తే మంచిదని కూడా అంది. తెలుసుకోవడానికి జకియా అపార్ట్‌మెంట్‌కు పోయింది, తోడుగా నేనూ పోయాను. ప్రతి తలుపూ తట్టాం. మా ఇంట్లో ఎవరికీ షుగర్ లేదన్నారు. మేం సూదులు వాడమన్నారు. ఒకాయన షుగర్ మాత్రల పట్టీ చేతిలో పట్టుకునే తలుపు తీసి, మాకు అలాంటివేమీ లేవన్నాడు. ఆ ఒక్క రోజు అపార్ట్‌మెంట్ మొత్తానికి షుగర్ జబ్బు నయమైపోయింది. ముడి వేసిన కవర్‌కు ఇంటి పేరు ఉండదు. అందుకే వాళ్ళకు ముడి అంటే అంత ఇష్టం.

సెల్లార్‌లో అచ్యుతరావూ కాంట్రాక్టర్ వీర్రాజూ మాట్లాడుకుంటున్నారు. మా బండ్ల చెత్త పోయే ఆటోలన్నీ వీర్రాజువే, ఏ సందు ఎవరికివ్వాలో చెప్పేదీ అతనే. జకియా అడిగింది సూది గురించి. వాళ్ళు చెప్పింది గ్లౌజుల గురించి. గ్లౌజులు ఎందుకు వేసుకోలేదమ్మా, నీ నిర్లక్ష్యమే కదా అన్నారు. గ్లౌజులు ఎప్పుడిచ్చారని నేనడిగాను. ఆ సంగతి మీటింగ్‌లో పెడతామన్నాడు అచ్యుతరావు. తర్వాత వీర్రాజు అసలు మాట చెప్పాడు. ఒంటి చేత్తో పని కాదట, కాలనీ పేరు పోతుందట. సందు కనకయ్యకు ఇచ్చేశానన్నాడు.

శాలువా కప్పిన వారంలోనే సందు ఊడబీకారు.

కనకయ్య మాలో ఒకడే. శ్రీనగర్ కాలనీ వైపు బండి తొక్కేవాడు. ఆ సాయంత్రం మెట్రో స్తంభాల కింద, మేం సీసాలూ అట్టలూ వేరు చేసుకునే చోట, అందరం కూర్చున్నాం. కనకయ్య కూడా వచ్చాడు, దూరంగా బండి మీదే కూర్చున్నాడు. హాస్టల్లో ఉండి ఉద్యోగం పరీక్షకు చదువుకునే రవళి వచ్చింది. నాకు గుణింతాలు దిద్దించిన పిల్ల.

మొదట అందరూ తిట్టారు. తిట్టడానికి మాకు బడి అక్కర్లేదు. తర్వాత పని ఆపేద్దామని ఒకరంటే, ఆపితే మన కడుపే మాడుతుందని ఇంకొకరన్నారు. ఎవరి మాటా ఎవరూ వినడం లేదు. అప్పుడు జకియా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని చెప్పింది.

"పని బంద్ చేస్తె కామ్‌చోర్లు, పనిదొంగలు అంటరు. మనం రోజూ పోదాం. విజిల్ కొడదాం. బుట్ట తెరిచి నిలబడదాం. ముడి ఉన్న కవర్ మాత్రం ముట్టుకోవద్దు. విప్పి, ఏమున్నదో చూపెట్టి, బుట్టల పొయ్యుమని చెబుదాం. గంతె."

కనకయ్య బండి మీంచే నవ్వాడు.

"ముడి ఇప్పుమంటె వాళ్ళ కొంప ఇప్పి చూపెట్టుమన్నట్టె. ఎవడిప్పుతడమ్మా? మనల్నె ఎల్లగొడుతరు."

"ఎల్లగొట్టిండ్రు గదా," అన్నాను. "ఎల్లగొట్టినామె నీ ముంగట కూసున్నది. ఆమె సందుల రేపు బండి పెట్టేది నువ్వె."

"నాకు సుత కడుపున్నది ఈదమ్మా. నేను వద్దంటె ఇంకోడు తీసుకుంటడు."

ఆ మాటకు మాలో సగం మంది తల వంచుకున్నారు. ఎప్పుడో ఒకప్పుడు అందరం అనుకున్న మాటే అది. దొరలూ కాంట్రాక్టర్లూ మన నోట్లో ముందే పెట్టి ఉంచుతారు ఆ మాటను. రవళి లేచి, ఇంకోడు ఇంకోడు అని ఎవరి గురించి అంటున్నవు తాతా, ఆ ఇంకోడు కూడా ఇక్కడే కూర్చుని ఉంటడు గదా, అడుగు అంది. కనకయ్య అడగలేదు. బండి తోసుకుంటూ పోయాడు. మిగిలినవాళ్ళం ఒప్పుకున్నాం. ముడి వేసిన కవర్ ఎత్తం.

మరుసటి పొద్దున ప్రతి సందులో విజిల్ వినపడింది, ప్రతి సందులో బుట్ట తెరిచి పెట్టాం. నల్ల కవర్లు వచ్చాయి. ముడి విప్పండమ్మా అన్నాం. ఒకామె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. ఎర్రగడ్డ పిచ్చాసుపత్రి ఇక్కడి నుంచి ఎంతో దూరం లేదు, అక్కడికి పో అంది. మేముండేదే ఎర్రగడ్డ, రోజూ పోతూనే ఉన్నానన్నాను.

ఇంకొకాయన గొప్పగా నవ్వుతూ వచ్చాడు. మేం వేరు చేశామమ్మా, సభలో చెప్పినట్టే చేశాం అన్నాడు. చేశాడు, నిజమే. తడి చెత్త పచ్చ కవర్‌లో పెట్టి ముడి వేశాడు. పొడి చెత్త నీలం కవర్‌లో పెట్టి ముడి వేశాడు. రెండింటినీ కలిపి పెద్ద నల్ల కవర్‌లో పెట్టి దానికీ ముడి వేశాడు. నా ఒక్క సందులోనే సగం ఇళ్ళు అలా చేశాయి. ప్లాస్టిక్ మానండి అంటే మూడింతలు చేసిన తెలివి. వాళ్ళ పిల్లలకు లెక్కలు నేర్పడానికే ఈ ఊరంతా కోచింగ్ సెంటర్లు పెట్టారు.

విప్పని కవర్లు అక్కడే వదిలేసి వచ్చాం. అపార్ట్‌మెంట్లో మాత్రం కనకయ్య అన్నీ ఎత్తాడు. మా ఆడవాళ్ళు దారికి అడ్డం నిలబడి అతన్ని నోటికొచ్చినట్టు తిట్టారు. తల ఎత్తకుండా పోయాడు. అయితే మా సందుల్లోని జనానికి అక్కడ ముడి నడుస్తోందని తెలిసింది. చుట్టుపక్కల కవర్లన్నీ ఆ గేటు దగ్గరికి నడిచి వచ్చాయి. వాళ్ళు ఒకళ్ళ గేటు ముందు ఒకళ్ళు పడేసుకుని, సీసీ కెమెరాలు చూసుకుని కొట్లాడుకున్నారు. కనకయ్య బండి నిండి పొర్లింది. వీర్రాజు ఆటో అంత చెత్త పట్టదని డ్రైవర్ వదిలేసి పోయాడు. వాసన పై అంతస్తుకు కూడా ఎక్కింది. దానికి లిఫ్ట్ అక్కర్లేదు.

అచ్యుతరావు మాత్రం తెలివైనవాడు. తన కవర్‌ను కారు డిక్కీలో పెట్టుకుని పంజగుట్ట ఫ్లైఓవర్ కిందికి తీసుకుపోయి విసిరేశాడు. అక్కడ ఊడ్చే ఆడమనిషి మాకు బంధువు. తాబేళ్ళ కోసం ఏడ్చిన సారేనా అని అడిగితే, కళ్ళజోడు చెప్పింది, కారు రంగు చెప్పింది.

మనుషులందరూ ఒక్క తీరుగా ఉండరు. నా సందులో అద్దెకుండే మసూదా రెండోనాడే బకెట్ పట్టుకుని వచ్చింది, కవర్ లేకుండా. ఉల్లి తొక్కలు, చాయ్ పత్తి, కూర మిగులు. బుట్టలో బోర్లించి, బకెట్ కడుక్కుంటే సరిపాయె, దీనికింత లొల్లేంది అంది. రవళి హాస్టల్లో పెద్ద గొడవైంది. ఆడపిల్లలు పార్శిల్ డబ్బాల్లో టిఫిన్ వద్దు, స్టీలు పళ్ళేల్లో పెట్టమన్నారు. పళ్ళేలు కడిగే మనిషికి జీతం ఎవరిస్తారని ఓనర్ అరిచాడు. ఆ డబ్బాలు ఎత్తే మనిషికి చెయ్యి ఎవరిస్తారని పిల్లలు అరిచారు. వాళ్ళే గెలిచారు. చెత్త విప్పి అందరి ముందూ పోయాల్సి వస్తే, ఇంటికి ఏం తెచ్చుకుంటున్నామో మనిషికి కనపడుతుంది. కనపడితే సిగ్గు పుడుతుంది, సిగ్గున్నవాళ్ళకు. రైతుబజార్‌కు సంచీ పట్టుకుపోయేవాళ్ళు మా సందుల్లో పెరిగారు. ఏ సభా చెయ్యని పని మా తెరిచిన బుట్ట చేసింది.

ఇది అచ్యుతరావు వాళ్ళకు నచ్చలేదు. ప్లాస్టిక్ తగ్గడం వాళ్ళకు ఇష్టమే. మేం చెబితే తగ్గడం ఇష్టం లేదు.

నాలుగైదు రోజులు గడిచేసరికి అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ చేత పేరుకుపోయిన కవర్లన్నీ రోడ్డు మీద వేయించారు. వేయించాక, మేమే వేశామని వీర్రాజు పోలీసులకు ఫిర్యాదు చేశాడు. తెలియగానే మా ఆడవాళ్ళం అందరం ఆ గేటు దగ్గరికి పోయాం. జకియా ముందు నడిచింది. కోచింగ్ సెంటర్లు వదిలే వేళ, వందల మంది పిల్లలు పుస్తకాల సంచులతో ఆగి చూస్తున్నారు.

మేం గొడవ చేయలేదు. కింద కూర్చుని ఇనుప కొక్కేలతో ముడులు ఒక్కొక్కటే విప్పాం. ప్రతి కవర్ దగ్గరా జకియా గొంతెత్తి అడిగింది.

"గిది ఎవరిది?"

బిర్యానీ డబ్బాలు, సగం తిన్న బిర్యానీతో. ఎవరిదీ కాదు. పసిపిల్లల డైపర్లు, అట్టముక్కలు, ఆ మధ్యన అన్నం. ఎవరిదీ కాదు. తర్వాత, కవర్‌లోంచి తీయనైనా తీయని గుడ్డ సంచులు, "ప్లాస్టిక్ లేని కాలనీ" అని పచ్చటి అక్షరాలతో. ఒకటి కాదు, కుప్ప. నేను ఆ అక్షరాలు గట్టిగా చదివాను. పిల్లలు విరగబడి నవ్వారు. బాల్కనీల్లో తలుపులు ఒక్కొక్కటీ మూసుకున్నాయి. అంత పెద్ద అపార్ట్‌మెంట్లో ఒక్క ఇంట్లో కూడా చెత్త పుట్టలేదు.

ఒక కవర్‌లోంచి సూదులు రాలాయి. నవ్వు ఆగిపోయింది. జకియా వాచిన చెయ్యి ఎత్తి పట్టుకుని బాల్కనీల వైపు తిరిగింది. "గివి ఎవరివి?" అని అడిగింది. ఈసారి గొంతు పెద్దది చేయలేదు. పిల్లల్లోంచి ఎవరో ఆ మాటే అన్నారు, గివి ఎవరివి అని. తర్వాత సందు సందంతా అడిగింది. రవళి ముందు నిలబడి అడిగింది. ఆ ప్రశ్న గోడలకు తగిలి తిరిగొస్తోంది గానీ ఒక్క తలుపూ తెరుచుకోలేదు.

పోలీసు వ్యాన్ వచ్చింది. రోడ్డు మీద చెత్త వేసినందుకూ దారి ఆపినందుకూ అన్నారు. మమ్మల్ని ఎక్కించారు, రవళినీ ఎక్కించారు. చెత్తను మాత్రం ఎవరూ ఎక్కించుకోలేదు.

స్టేషన్‌లో బల్లల మీద కూర్చోబెట్టారు. కాసేపటికి అచ్యుతరావు వచ్చాడు, వెనకే వీర్రాజు, వాళ్ళ వెనక తల దించుకుని కనకయ్య. ఎస్సై ముందు కుర్చీలు వాళ్ళవి. అచ్యుతరావు జకియాను దగ్గరికి పిలిచాడు. తండ్రిలాగా మాట్లాడాడు. అలాంటి గొంతు వాళ్ళు ఎక్కడ నేర్చుకుంటారో నాకు తెలియదు.

"చూడమ్మా, నీ మీద మాకేం కోపం లేదు. నువ్వు మంచిదానివి. నీ సందు నీకిచ్చేస్తాం, కేసూ ఉండదు. ఈ ఈదమ్మా ఆ స్టూడెంట్ అమ్మాయీ కలిసి నిన్ను రెచ్చగొట్టారని చెప్పు. ఇల్లు గడవాలి కదా, పిల్లలున్నారు."

మేం ఆమె మొహం చూడలేదు. నేను కిటికీ వైపు చూశాను. ఆమె ఒప్పుకుంటే తప్పనను, ఆ సందు లేకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

"నన్నెవ్వరు రెచ్చగొట్టలె సార్," అంది జకియా. "నా చెయ్యి రెచ్చగొట్టింది. సందు ఇస్తనంటె తీసుకుంట, నాకు కావాలె. కాని గిట్ల కాదు. పెద్దమ్మను అమ్మి కాదు. ఆమెను అమ్మి నేను మళ్ళ మీ ముడుల కవర్లె ఎత్తాల్నా?"

అచ్యుతరావు తండ్రి గొంతు మాయమైంది. చేసిన మేలు తెలియని మనుషులని ఇంగ్లీషులో ఏదో అన్నాడు, రవళి తర్వాత మాకు అర్థం చెప్పింది. వీర్రాజు కనకయ్యను ముందుకు తోశాడు. ఈయన మా మనిషి సార్, వీళ్ళు ఈయన్ని పని చేయనీకుండా బెదిరించి, బండి లాక్కుని, చెత్త రోడ్డు మీద పోశారు, ఈయనే సాక్ష్యం అన్నాడు. ఎస్సై కలం పట్టుకుని చెప్పవయ్యా అన్నాడు.

కనకయ్య భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. వీర్రాజు మళ్ళీ మోచేత్తో పొడిచాడు.

"వీళ్ళు నన్ను బెదిరియ్యలె సారూ," అన్నాడు కనకయ్య. "బండి గుంజుకోలె. తిట్టిండ్రు. మస్తు తిట్టిండ్రు, గది నిజమె. నేను తిట్లు తినే పనే జేసిన. చెత్త రోడ్డు మీద ఏసింది వాచ్‌మన్, ఏపిచ్చింది గీ సారు. నేనుండంగనె అయింది. రాసుకోరి."

"ఏం మాట్లాడుతున్నావురా?" వీర్రాజు లేచాడు.

"రా అనకు. గా సందు నాకొద్దు." ఎస్సై వైపు తిరిగాడు. "వాళ్ళ పేర్లు రాస్తున్నరు గదా సారూ. నా పేరు సుత గండ్ల రాయుండ్రి. కనకయ్య. శ్రీనగర్ కాలనీ బండి."

వచ్చి మా బల్ల చివర కూర్చున్నాడు. మా పక్కన కూర్చున్న ఆడమనిషి, గేటు దగ్గర అందరికంటే పెద్దగా తిట్టినామె, కొంచెం జరిగి చోటిచ్చింది.

చీకటి పడకముందే బయట అలికిడి మొదలైంది. హాస్టల్ పిల్లలు వచ్చి గేటు దగ్గర కూర్చున్నారు. లక్డీకాపూల్ హోటళ్ళ వెనక చెత్త ఎత్తేవాళ్ళు బండ్లతో సహా వచ్చారు. శ్రీనగర్ కాలనీ బండ్లు వచ్చాయి, కనకయ్య ఏడీ అని అడిగాయి. కొందరి మొహాలు నేను ఎన్నడూ చూడలేదు. మేం కూడా ముడి ఎత్తం, మా పేర్లు కూడా రాసుకోండని కిటికీ దగ్గర అరుస్తున్నారు. ఎస్సై కలం మూసేసి బయటికి పోయి ఎవరికో ఫోన్ చేశాడు. మమ్మల్ని వదిలారు గానీ కేసు వదల్లేదు. కోర్టుకు పిలిచినప్పుడల్లా పోతున్నాం, గుంపుగా పోతున్నాం.

జకియాకు సందు ఇంకా తిరిగి రాలేదు. రెండోసారి రక్తం తీసే రోజు ఇంకా రాలేదు. అందాకా మేం సీసాలూ అట్టలూ అమ్మిన డబ్బుల్లోంచి ఆమె ఇంటికి వాటా పోతోంది. వీర్రాజు ఆ సందుకు మనిషిని వెతుకుతూనే ఉన్నాడు. ఎల్బీనగర్ దాకా పోయి అడిగాడట, ఎక్కువ ఇస్తానన్నాడట. ఆ అపార్ట్‌మెంట్ వాళ్ళు ఇప్పుడు బకెట్లు పట్టుకుని, కవర్ లేకుండా, మెట్లు దిగి నా సందు మూల దాకా నడిచి వస్తున్నారు. అచ్యుతరావు కూడా వస్తాడు, బకెట్ కాళ్ళకు తగలకుండా దూరంగా పట్టుకుని. జకియా సందు ఎప్పుడిస్తావు సారూ అని రోజూ అడుగుతాను. బోర్లించుకుని పోతాడు.

ఆ సందులో జకియా బండి తప్ప ఇంకే బండీ తిరగదు. ఒక్కడంటే ఒక్కడు కూడా ఇంతవరకు ఒప్పుకోలేదు.

ఈదమ్మ
అరవై రెండేళ్ళు
ఎర్రగడ్డ రైతుబజార్ వెనక బస్తీ, హైదరాబాద్